మిన్నుకిచ్చిన ఒళ్ళు

జబ్బున్న అమ్మాయిల నవలలు నేను చాలా చదివాను. కొత్తగూడెం ఆసుపత్రిలో రక్తం ఎక్కించుకుంటూ పడుకున్న పిల్లలకు చదవడం తప్ప వేరే పనేముంటుంది? చూపు లేని అమ్మాయి, చక్రాల కుర్చీలో అమ్మాయి, మూర్ఛ వచ్చే అమ్మాయి, అద్దంలో చూసుకుని అన్నం మానేసే అమ్మాయి. అందరికీ పదహారేళ్ళే. అందరికీ ఒత్తయిన జుట్టే. సగం పుస్తకం దాటేలోపు గిటారు వాయించే అబ్బాయి ఒకడు దిగుతాడు. చివరి అధ్యాయానికి వచ్చేసరికి ఆ అమ్మాయికి రెండే దారులు. జబ్బు నయం కావాలి, లేదా చచ్చిపోవాలి. జబ్బుతోపాటే డిగ్రీ చదివి, జబ్బుతోపాటే అత్తతో పోట్లాడి, జబ్బుతోపాటే ముసలిదైన కథానాయిక నాకు ఒక్కతీ తగల్లేదు.

ఈ మాటే ఒకరోజు మందాకిని గారి మొహం మీద అన్నాను. ఆమె అలాంటి నవలలే రాస్తుందని అప్పటికి నాకు తెలియదు. తెలిస్తే ఇంకాస్త గట్టిగా అనేదాన్ని.

ఆమె హైదరాబాదు నుంచి మా వార్డుకు వచ్చింది, సికిల్ సెల్ ఉన్న అమ్మాయి కోసం వెతుక్కుంటూ. మా వైపు ఈ జబ్బు కొత్తేమీ కాదు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు మాకు కొడవలిలా వంగిపోతాయి. వంగినవి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న చోటల్లా నొప్పి. చలి తగిలినా, నీళ్ళు తక్కువ తాగినా, ఎక్కువ పరుగెత్తినా లేస్తుంది. అందుకే మా అమ్మ నన్ను చూడగానే "నీళ్ళు తాగినవా?" అంటుంది. మిగతా అమ్మలు "తిన్నవా?" అని అడిగినట్టు. నేను పుట్టాక చన్నీళ్ళ స్నానం ఎరగను. వానలో తడిసింది లేదు.

మందాకిని గారు నా తిట్లన్నీ నవ్వుతూ విన్నది. వినేసి, "అయితే నువ్వు చెప్పినట్టే రాద్దాం జలజా. నీ ఒళ్ళు ఇస్తావా?" అంది.

జలజ మా నాయనమ్మ పేరు. కాలేజీలో ఇంకెవరికీ లేదు, ఎవరికీ వద్దు కూడా. ఇంటి పేరు ఈసం.

*

ఒళ్ళు ఇవ్వడమంటే ఏమిటో నాకు హైదరాబాదులో, వాళ్ళ ప్రయోగశాలలో తెలిసింది. అక్కడి శాస్త్రవేత్త నఫీసా మేడమ్. చిన్న మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేది. ఆమె రెండు మెత్తటి పట్టీలు తీసి ఒకటి నా మెడ వెనక అతికించింది, రెండోది తన మెడకు పెట్టుకుంది. స్విచ్ వేసి, కుర్చీలోంచి లేవబోయి, మళ్ళీ కూర్చుంది. రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుంది. కాసేపటికి పట్టీ పీకేసింది.

నాకు నొప్పి లేచిందేమో అనుకుని, ఎప్పుడు మొదలైందని అడిగింది. లేవలేదని చెప్పాను.

"మామూలుగా ఇట్లానే ఉంటుందా?"

"ఇయ్యాల మంచిగనే ఉంది మేడమ్."

ఆమె నమలడం ఆపేసింది.

వాళ్ళు చేస్తున్నవి ఒంటి పుస్తకాలు. పాఠకురాలు పట్టీ పెట్టుకుని చదువుతుంటుంది. కళ్ళు ఏ వాక్యం మీద ఉంటే ఆ వాక్యంలోని ఒళ్ళు ఆమెకు అందుతుంది. కథానాయిక మెట్లెక్కితే చదివేవాళ్ళ తొడలు బరువెక్కుతాయి. అయితే రెండు ఒళ్ళు ఒకేసారి పలికితే కలగాపులగం అవుతుంది కాబట్టి, చదివినంతసేపూ పట్టీ మన సొంత ఒంటి కబుర్లను ఆపేస్తుంది. కుర్చీ తెలియదు, దోమ కుట్టినా తెలియదు. ఈ సంగతి నఫీసా మేడమ్ మొదటి రోజే చెప్పింది. నేను ఊ కొట్టాను. అందులో నాకేం పని అనుకున్నాను.

వేసవి సెలవులంతా పట్టీ పెట్టుకునే తిరిగాను. అంగన్‌వాడీలో టీచరైన అమ్మ కూడా సెలవులకు నాతో వచ్చింది. చింతకాయ తొక్కుతో వేడన్నం తిన్నాను. ఊయల ఊగాను. అమ్మతో పోట్లాడి మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఒకసారి నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నాను. అదంతా నమోదైంది. వెళ్ళిపోయే ముందు వారంలో, యంత్రాలు వేడెక్కకుండా పెట్టిన ఏసీ చలికి నాకు నొప్పులు లేచాయి. పిక్కల్లో మొదలై నడుముకు, నడుము నుంచి వీపుకు ఎక్కాయి. నఫీసా మేడమ్ పట్టీ తీయబోయింది. నేనే ఉంచమన్నాను. ఇంతకాలం ఎవరికి చెప్పినా అర్థం కానిది ఇప్పుడు ఒక్కసారి రాసిపెట్టినట్టు ఉంటుంది కదా అని నా ఆశ. అమ్మ నా పక్కన కూర్చుని ఎప్పటిలాగే "ఓర్చుకో బిడ్డా, ఓర్చుకో" అంటూనే ఉంది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఓర్చుకోక ఏం చేస్తున్నానని?

*

పుస్తకం దీపావళి దాటాక వచ్చింది. కథానాయిక పేరు మిన్ను. నాకు ఒక పట్టీ, ఒక ప్రతి బహుమతిగా పంపారు. కాలేజీ నుంచి వచ్చి, సంచి కూడా దించకుండా చదవడం మొదలుపెట్టాను.

చింతకాయ తొక్కు లేదు. ఊయల లేదు. పోట్లాట లేదు. నవ్వు అసలే లేదు. మిన్ను పొద్దున లేస్తే నొప్పి, బడికి వెళ్తే నొప్పి, గిటారు అబ్బాయి పలకరిస్తే నొప్పి. అవును, గిటారు అబ్బాయి వచ్చాడు. నేనిచ్చిన ఒంట్లోంచి మందాకిని గారు నొప్పిని మాత్రం ఏరుకున్నది, బియ్యంలో రాళ్ళు ఏరి బియ్యం పారబోసినట్టు. చివరి అధ్యాయంలో కొత్త వైద్యం ఏదో వచ్చి మిన్నుకు నయమైపోతుంది. అక్కడ నా ఒళ్ళు పనికిరాదు కాబట్టి, ఎవరో పరుగు పందేల అమ్మాయి ఒళ్ళు తెచ్చి పెట్టామని ముందుమాటలోనే రాసుకున్నారు.

ఫోన్ చేసి తిట్టాలనుకున్నాను. తిట్టడానికైనా పూర్తిగా చదవాలి కదా అని చివరి అధ్యాయం తెరిచాను.

మిన్ను నిద్ర లేచింది. కాళ్ళు మంచం మీంచి దించింది. నేను నొప్పి కోసం చూశాను. ఎక్కడా లేదు. పిక్కల్లో లేదు, మోకాళ్ళలో లేదు, నడుములో లేదు. పదహారేళ్ళుగా ఇంట్లో మోగుతున్న మిక్సీ ఎవరో కట్టేసినట్టయింది. మిన్ను పరుగెత్తింది. ఊరు దాటి చెరువు దాకా పరుగెత్తి, బట్టలతోనే చన్నీళ్ళలో దూకింది. నేను చన్నీళ్ళలో ఉన్నాను. ఈదాను. తర్వాత గట్టు మీద ఎండలో వెల్లకిలా పడుకుని ఊపిరి పీల్చాను. ఊపిరి ఎక్కడా గుచ్చుకోలేదు.

పట్టీ తీశాక చాలాసేపు ఏడ్చాను. మిగతా వాళ్ళందరూ రోజూ ఇలా ఉంటారా? ఇలా ఉండి కూడా చిన్న చిన్న వాటికి విసుక్కుంటారా? నాకు అందరి మీదా కోపం వచ్చింది. మందాకిని గారికి ఫోన్ చేయలేదు. మళ్ళీ చివరి అధ్యాయం మొదటి పేజీకి వెళ్ళాను.

ఒకసారి చదివిన పేజీని కళ్ళతో పని లేకుండా మళ్ళీ మళ్ళీ తిప్పుకోవచ్చని నాకు తొందరలోనే తెలిసింది. జోరు తగ్గించుకోవచ్చని కూడా. తక్కువలో పెడితే నేల తెలుస్తుంది, పెన్ను తెలుస్తుంది, కాస్త దూదిలో చుట్టినట్టు. లోపలి నొప్పి మాత్రం తెలియదు. చెరువు గట్టు పేజీని అలా పెట్టుకుని, మెడకు చున్నీ చుట్టుకుని కాలేజీకి పోయేదాన్ని. స్నేహితులతో మార్కెట్ అంతా తిరిగాను. ఐస్‌క్రీమ్ తిన్నాను. మంచినీళ్ళు తాగాలని గుర్తు చేసేది నొప్పే కాబట్టి, నొప్పి పోయాక నీళ్ళ సంగతీ మరిచాను.

ఇంట్లో అందరికీ పండగలా ఉంది. నాన్న గనిలో డ్యూటీ దిగి వచ్చి, నేను మెట్లెక్కుతుంటే నిలబడి చూసేవాడు. అమ్మకైతే అనుమానమే రాలేదు. ఎందుకంటే ఆమె పోయిన జాతరలో మేడారం తల్లులకు మొక్కింది, బిడ్డ నొప్పులు లేకుండా తిరిగితే నిలువెత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే బెల్లమే. మనిషి బరువంత బెల్లం తూచి తల్లుల గద్దెల దగ్గర పెడతారు. తల్లులు మొక్కు విన్నారని అమ్మ నిశ్చయించుకుంది. అమ్మ మొహం అంత తేటగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. అది చూశాక పట్టీ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

*

జాతరకు వెళ్ళే ముందు మార్కెట్లో బెల్లం దుకాణానికి వెళ్ళాం. అక్కడ గొలుసులతో వేలాడే పెద్ద కాటా ఉంటుంది. ఒక పళ్ళెంలో నన్ను కూర్చోబెట్టారు, ఇంకో పళ్ళెంలో బెల్లం ముద్దలు వేస్తున్నారు. చుట్టూ మొక్కులవాళ్ళు, ఈగలు, బెల్లం వాసన. నేను మాత్రం చెరువు గట్టు మీద ఎండలో ఉన్నాను.

అనుకున్నదానికంటే ముందే నా పళ్ళెం పైకి లేచింది. దుకాణదారు మమ్మల్ని ముందు నుంచీ ఎరిగినవాడే, పిల్ల చిక్కింది కదమ్మా అన్నాడు. అమ్మ నా మొహం చూసింది. ఆ తర్వాత ఆమె చెప్పిన దాన్ని బట్టి, నా కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి, పెదవులు నీలంగా ఉన్నాయి. నేను పరుగెత్తి వచ్చిన కుక్కలా ఎగశ్వాస తీస్తూ, నవ్వుతున్నాను. నాకు మాత్రం ఊపిరి హాయిగా ఆడుతోంది.

దిగమన్నారు. దిగాను. కాళ్ళు ఉన్నాయనే అనుకున్నాను గానీ నేల మొహానికి తగిలింది. గాలి తగలాలని అమ్మ నా చున్నీ లాగింది. మెడ వెనక పట్టీ చూసింది. హైదరాబాదులో వేసవంతా చూసిన పట్టీయే. చప్పున పీకేసింది.

రోజుల తరబడి నేను వినకుండా ఆపిన కబుర్లన్నీ ఒక్కసారి అందాయి. నొప్పి గురించి నేను బాగా చెప్పగలనని నాకు పేరు. అది మాత్రం చెప్పలేను. అరవడానికి ఊపిరి కూడా లేదు.

ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు మూసుకుపోయాయని ఆసుపత్రిలో చెప్పారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. రక్తం మార్చారు. మాట్లాడగలిగిన రోజున అమ్మ అడిగింది ఒకటే.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు సంతోషంగ ఉన్నవని."

అమ్మ బయటికి వెళ్ళి, మొహం కడుక్కుని వచ్చి, నీళ్ళ సీసా నా చేతికిచ్చింది.

*

నఫీసా మేడమ్ బస్సెక్కి వచ్చింది. ఆమె మొహం పీక్కుపోయి ఉంది. నేను ఒక్కదాన్నే కాదని చెప్పింది. మామూలు పిల్లలు ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చదువుతున్నారు, ఏడుస్తున్నారు, పక్కన పెడుతున్నారు. జబ్బున్న పిల్లలు మాత్రం చివరి అధ్యాయం తప్ప ఏదీ చదవడం లేదు. అది తీయడం లేదు. ఎముకల జబ్బున్న ఒక అమ్మాయి కాలు విరిగిన సంగతి తెలియక దాని మీదే నడిచింది. చదివిన పేజీ ఆగకుండా తిరిగే వీలు పెట్టింది తానేనని, అది పాఠకులకు ముచ్చటగా ఉంటుందనుకున్నానని చెప్పి ఏడ్చింది.

మందాకిని గారు మర్నాడు వచ్చింది. పుస్తకం ముందు హెచ్చరిక వేస్తామంది. ఆ హెచ్చరిక ముందే ఉన్నా, దాన్ని చదివి మరీ పట్టీ పెట్టుకునేదాన్నని చెప్పాను. చివరి అధ్యాయం తీసేయమన్నాను. దాని బదులు నా ఒళ్ళే పెట్టమన్నాను, నొప్పులు విరుచుకుపడని మామూలు రోజుది. లేదంటే నా ఒళ్ళు వెనక్కి తీసుకుంటానన్నాను. ఒళ్ళిచ్చినవాళ్ళు ఎప్పుడు అడిగినా వెనక్కి ఇవ్వాలన్నది చట్టం. నా ఒళ్ళు పోతే మిన్ను లేదు.

ఆమె చెడ్డ మనిషి కాదు. నా మంచం మీద కూర్చుని, నెమ్మదిగానే చెప్పింది. పదహారేళ్ళ పిల్లలు చదివే పుస్తకమమ్మా, చివర్లో కాస్త ఆశ ఉండొద్దా అంది.

"ఆశ వేరే అమ్మాయి ఒంట్లో ఎందుకుంది మేడమ్? నా ఒంట్లో వెతికితే దొరకలేదా?"

వెళ్ళేటప్పుడు ఆమె, నువ్వడిగినట్టే చేద్దాం అంది.

అన్ని ప్రతుల్లోంచి తీసేయడం నఫీసా మేడమ్‌కు చిటికెలో పని. బహుమతిగా వచ్చిన నా పట్టీలోది మాత్రం నేను చెరిపితేనే పోతుంది. ఆమె దాన్ని నా దిండు పక్కన పెట్టి, చిన్న గొంతుతో, "నీది నేను అడగను జలజా. ఉన్నా నాకు తెలియనట్టే," అంది.

నేను ఎంత సంబరపడ్డానో చెబితే సిగ్గుచేటు. అప్పుడే కదా అందరి కోసం కొట్లాడాను. అయినా నా చెయ్యి దాని మీదికి పోయింది.

అమ్మ నాకంటే ముందు తీసుకుంది. పారేస్తుందనుకున్నాను. పారేయలేదు. తన మెడకు పెట్టుకుని, పుస్తకం తెరిచి, ఏసీ చలికి నొప్పులు లేచిన అధ్యాయం దగ్గర ఆగింది. అంగన్‌వాడీ పిల్లలకు చదివినట్టు వేలు పెట్టి ఒక్కో వాక్యం చదువుతోంది. రెండో పేజీలో ఆమె వేలు ఆగింది. రెండో చెయ్యి పిక్క మీదికి పోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది. తీసెయ్ అమ్మా అని నేను ఎంత మొత్తుకున్నా తీయలేదు. ఆ ఒంట్లో ఉండగా నా చెయ్యి తగిలినా ఆమెకు తెలియదు. అధ్యాయం అయిపోయేదాకా చదివింది.

పట్టీ తీశాక గోడ వైపు తిరిగి కూర్చుంది. వీపు కదులుతోంది. అమ్మ ఆ తర్వాత నాతో ఓర్చుకో అన్న మాట అనలేదు, ఈ రోజు వరకూ.

చాలాసేపటికి ఇటు తిరిగి పట్టీ నా చేతిలో పెట్టింది.

"ఉంచుకో బిడ్డా. ఆ చెరువు కాడికి నీకు ఎప్పుడు పోబుద్ధయితే అప్పుడు పో. నువ్వు ఆడ ఉన్నంతసేపు ఈడ నీ ఒళ్ళు నేను చూసుకుంట. పెదవులు నల్లబడ్డా, ఊపిరి ఎగబడ్డా గుంజేస్త."

అప్పుడే పెట్టుకున్నాను. అబద్ధమెందుకు, ఆగలేకపోయాను. అమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. నేను పరుగెత్తాను. నీళ్ళలో దూకాను. మొదటిసారి ఎంత హాయిగా ఉందో అంతే హాయిగా ఉంది. గట్టు మీద పడుకున్నాక అమ్మ పట్టుకుందని గుర్తొచ్చి, ఆ చెయ్యి కోసం చూశాను. మిన్ను రెండు చేతులూ గడ్డి మీద ఖాళీగా ఉన్నాయి. అమ్మ పక్కనే ఉంది, నా చెయ్యి పట్టుకునే ఉంది, అది తెలిసి కూడా నాకు అందలేదు. అంత మంచి ఎండలో నాకు భయమేసింది.

పట్టీ తీసేశాను. నొప్పి వచ్చింది, ముందు ఛాతీలో, తర్వాత కాళ్ళలో. దాని వెనకే అమ్మ చెయ్యి వచ్చింది. చెమట పట్టి, గరుకుగా, కాస్త ఎక్కువే గట్టిగా పట్టుకుని ఉంది.

అమ్మ ఎందుకట్ల తీసినవని అడిగింది. పట్టీ వైపు చూడకుండానే ఆ అధ్యాయం చెరిపేశాను. చెరిపాక మళ్ళీ ఏడ్చాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది, పోయింది మంచిదే అని తెలిసినా.

*

కొత్త చివరి అధ్యాయం మా ఇంట్లోనే నమోదు చేశారు. అందులో మిన్నుకు నయం కాదు, చావదు. ఇంటర్ పరీక్షలకు చదువుకుంటూ మోకాలు సలుపుతుంటే వాళ్ళమ్మ చేత ఒత్తించుకుంటుంది, అంతే. కొందరు పాఠకులు అలిగారు. పాతదే పెట్టమని గోల చేశారు. గిటారు అబ్బాయిని మందాకిని గారు తీయలేదు, అది ఆమె వల్ల అయ్యే పని కాదు.

ఎక్కువమంది మాత్రం ఒకటే అడుగుతున్నారు. ఎక్కడెక్కడి వార్డుల నుంచో, పేరు కూడా చెప్పకుండా అడుగుతున్నారు. ఆ చివరి పేజీలో మోకాలి మీద ఉన్న చెయ్యి ఎవరిదని.

మా అమ్మది. మీరు చదువుకోండి. అమ్మను మాత్రం ఎవరికీ ఇవ్వను.